మేత నిండుగా ఉన్నా వేట చేప ఎందుకు చిక్కిపోయింది: ఒక సరస్సు కేస్ స్టడీ

ఈ కేసులో సరస్సు పేరు, దేశం, పని జరిగిన సంవత్సరాలు ఇవ్వడం లేదు. పని అప్పగించినవాళ్లతో ఒప్పందం అది. పట్టుబడి అంకెలు చూసినా తెలిసినవాళ్లు ఇట్టే గుర్తుపట్టేస్తారు కాబట్టి ఏది ఎటు మారిందో మాత్రమే రాస్తున్నాను. పేర్లు పెట్టి ప్రస్తావించిన ఇతర సరస్సుల సంగతులు అచ్చయిన పరిశోధనల్లో ఉన్నవే.

నేపథ్యం

చలి ప్రాంతపు సరస్సు. ఏటా కొన్ని నెలలు పైన మంచు పలక కట్టి ఉంటుంది. ఆకారం సొరకాయ బుర్రలా ఉంటుంది: ఒక పెద్ద మడుగు, ఒక చిన్న మడుగు, రెంటికీ నడుమ లోతు తక్కువైన సన్నటి దారి. ఆ నడుము తర్వాత మాకు చాలా పనికొచ్చింది, అందుకే ముందే చెబుతున్నాను.

లెక్కలోకి వచ్చే చేపలు రెండే. వేటాడేది పైక్. బాతు ముక్కులాంటి మూతి, లోపలికి వాలిన పళ్లు, నాచు మధ్య కదలకుండా నిలబడి ఒక్క ఉదుటున మీద పడే స్వభావం. పొంచి ఉండటంలో కొర్రమీనుకు అన్న అనుకోండి. దానికి ఆహారమయ్యేది పెర్చ్. ఒంటి మీద నిలువు చారలు, వీపున ముళ్ల రెక్క. పైక్ ముందు అది మేత చేపే కానీ, దాని జీవితానికి మూడు మెట్లున్నాయి. పుట్టిన కొత్తలో జంతు ప్లవకాలు, అంటే నీళ్లలో తేలే అతి చిన్న ప్రాణులు, తింటుంది. కాస్త ఎదిగాక అడుగునుండే పురుగుల మీద పడుతుంది. ఇంకా ఎదిగితే చేపల్ని తింటుంది, సొంత జాతి పిల్లల్ని కూడా వదలదు. మొదటి చూపులో నేను ఈ మూడు మెట్లనూ ఒక్క అంకెలో కలిపేశాను. ఈ కేసంతా ఆ పొరపాటు చుట్టూనే తిరుగుతుంది.

ఇక్కడ ముప్పై ఏళ్లకు పైగా, ఏటా అవే వారాల్లో, అవే చోట్ల గిల్ నెట్లు (చేపలు మొప్పల దగ్గర చిక్కుకునే వలలు) వేసి లెక్క రాస్తూ వచ్చారు. సగం రిజిస్టర్లలో ఉంది, సగం స్ప్రెడ్‌షీట్‌లో. ఇంత పొడుగు వరస దొరకడం అరుదు. ఇంగ్లండ్‌లోని విండర్‌మియర్ సరస్సు లెక్కలు 1941లో మొదలయ్యాయి, అదీ యుద్ధకాలంలో తిండి కొరతకు పెర్చ్‌ని బుట్టలతో పట్టి డబ్బాల్లో నింపడానికి. 1944 నుంచి పైక్ కోసం గిల్ నెట్లు కూడా వేశారు. తిండి కోసం మొదలైన ఆ లెక్క దశాబ్దాల పాటు సాగి, మంచినీటి వేట చేపల గురించి మనకు తెలిసినదానిలో పెద్ద భాగానికి ఆధారమైంది. మా సరస్సుదీ అదే జంట కాబట్టి విండర్‌మియర్‌ని మొదటినుంచీ పక్కన పెట్టుకుని పోల్చుకుంటూ వచ్చాను. ఆ పోలిక ఒకచోట నన్ను తప్పుదారి పట్టించింది, మరోచోట దారి చూపించింది.

వచ్చిన సమస్య

సరస్సు నిర్వాహకుల ప్రశ్న సూటిగా ఉంది: పైక్ పదిహేనేళ్లుగా తగ్గుతూ వస్తోంది, పెర్చ్ అదే కాలంలో విపరీతంగా పెరిగింది, ఏటా ఎన్ని పైక్ పిల్లల్ని తెచ్చి వదలాలి?

ప్రశ్నలోనే జవాబు సగం ఉంది చూడండి. మేత ఉంది, తినేవాళ్లు లేరు, కాబట్టి తినేవాళ్లని తెచ్చి వేయాలి. పైక్ ఎందుకు తగ్గిందంటే గాలం వేసేవాళ్లు ఎక్కువ పట్టేశారని కొందరు, నీటికాకులు తినేశాయని కొందరు. ఏదైనా మందు ఒకటే అనుకున్నారు. వాళ్లని తప్పుపట్టలేను. ఆ రెండు గీతల గ్రాఫ్ చూస్తే ఎవరైనా అదే అంటారు. నేనూ అదే అనుకున్నాను.

ఒక్కటే గుచ్చుకుంది. వలలో పడిన పైక్‌లు బక్కగా ఉన్నాయి. తల పెద్దదిగా, ఒళ్లు బెత్తంలా. రిజిస్టర్లలో ప్రతి చేపకూ పొడవూ బరువూ రాసే ఉన్నాయి కానీ రెండూ కలిపి చూసినవాళ్లు లేరు. బరువుని పొడవు ఘనంతో భాగిస్తే చేప పుష్టి తెలుస్తుంది. చేపల పనిలో ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు. వేసి చూస్తే, చిన్న, మధ్య సైజు పైక్‌ల పుష్టి ఏటేటా పడిపోతోంది. గాలాలు ఎక్కువై పైక్ తగ్గుతుంటే మిగిలినవాటికి మేత ఇంకా ఎక్కువ దొరికి అవి బలియాలి. ఇక్కడ మిగిలినవే ఎండిపోతున్నాయి. ఈ పొంతన లేని సంగతిని నోట్‌బుక్‌లో రాసుకుని, చేతకానివాడిలా పక్కన పెట్టేశాను. దాన్ని అప్పుడే పట్టుకుని ఉంటే మూడేళ్లు కలిసొచ్చేవి.

మొదటి తప్పు నాదే: మోడల్

వేటాడేవి, వేటకు గురయ్యేవి కలిసి పెరిగి తరిగే సిద్ధాంతం అసలు చేపల దగ్గరే పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడ్రియాటిక్ సముద్రంలో చేపలు పట్టడం తగ్గాక అక్కడి మార్కెట్లకు వచ్చిన చేపల్లో సొర జాతుల వంటి వేట చేపల వాటా పెరిగిందని ఉంబెర్తో డాంకోనా అనే జీవశాస్త్రవేత్త గమనించాడు. ఎందుకో చెప్పమని గణితవేత్త వీటో వోల్టెరాని అడిగితే, ఆయన 1926లో సమీకరణాలు రాసిచ్చాడు. అంతకు ఏడాది ముందే ఆల్‌ఫ్రెడ్ లాట్కా విడిగా అలాంటివే అచ్చువేసి ఉన్నాడు. మేత పెరిగితే కొంత ఆలస్యంగా వేట చేప పెరుగుతుంది, అది పెరిగాక మేత తరుగుతుంది, తర్వాత అదీ తరుగుతుంది, మళ్లీ మొదటికి. అలల్లా.

నేను ఆ సమీకరణాలకి కొన్ని చేర్పులు చేసి ముప్పై ఏళ్ల లెక్కల్ని అందులో పోశాను. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. మనం ఇప్పుడు అల అడుగున ఉన్నాం, మేత శిఖరాన ఉంది, కాబట్టి రెండు మూడేళ్లలో పైక్ దానంతటదే లేస్తుంది అని నివేదిక ఇచ్చాను. పిల్లల్ని వదలొద్దు, ఆగండి అన్నాను.

మూడేళ్లు గడిచాయి. పైక్ ఇంకాస్త దిగింది.

ఎక్కడ తప్పానో వెనక్కి చూస్తే రెండు కారణాలు కనిపించాయి. మొదటిది సిగ్గుపడాల్సింది. ముప్పై ఏళ్లంటే మనిషికి పెద్ద లెక్క. పదేళ్లకు పైగా బతకగల పైక్‌కి అది కొద్ది తరాలే. ఒక అల, మహా అయితే ఒకటిన్నర. ఒకటిన్నర అలకి ఏ వంపు గీతనైనా అతికించొచ్చు. సరిపోయిందని మురిసిపోయాను కానీ, సరిపోకపోవడానికి ఆ లెక్కకు అవకాశమే లేదు. రెండో కారణం లోతైనది: ఆ సమీకరణాల్లో ప్రతి చేపా ఒకటే. మూడు సెంటీమీటర్ల పిల్లా ఒకటే, నలభై సెంటీమీటర్ల తల్లీ ఒకటే. చేపల లోకంలో అది చెల్లదు. ఒకే చేప తన జీవితంలో మొదట ఎర, తర్వాత పోటీదారు, ఆఖరికి వేటగాడు.

వలల సంగతి

మూడో కారణం నేను కనిపెట్టలేదు, వలలు చూసుకునే పెద్దాయన చెప్పారు. నివేదిక తప్పాక మొహం చెల్లక ఒంటరిగా రిజిస్టర్లు తిరగేస్తుంటే వచ్చి, ఒక పేజీ మీద వేలు పెట్టి, “ఇక్కడినుంచి మీరు చేపల్ని లెక్కపెట్టట్లేదు, నా కొత్త వలల్ని లెక్కపెడుతున్నారు” అన్నారు. ఆ పేజీ నుంచి పాత వలలు పోయి నార్డిక్ వలలు వచ్చాయి. అది ముప్పై మీటర్ల పొడవు, మీటరున్నర ఎత్తు ఉండే ఒకే వల. అందులో అయిదు మిల్లీమీటర్ల నుంచి యాభై అయిదు దాకా పన్నెండు రకాల కన్నులు పక్కపక్కనే కుట్టి ఉంటాయి. పాత వలల్లో సన్న కన్నులే లేవు. అంటే పన్నెండు సెంటీమీటర్ల లోపు పెర్చ్ అంతకుముందు ఎంత ఉన్నా వలకు తగిలేది కాదు. మారిన ఏడాది నుంచి తగలడం మొదలైంది. గ్రాఫ్‌లో అది పెర్చ్ విజృంభణలా కనిపించింది.

రిజిస్టర్ మార్జిన్‌లో ఆ సంగతి పెన్సిల్‌తో రాసే ఉంది. స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించేటప్పుడు మార్జిన్‌లు రాలేదు. ఎప్పుడూ రావు.

ఇక్కడ నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. పాత లెక్కని పారేసి కొత్త వలల కాలం నుంచే మొదలుపెట్టాలా, లేక రెంటినీ కలిపే మార్గం వెతకాలా? పారేస్తే అసలు క్షీణత మొదలైన కాలమే పోతుంది. అందుకని షెడ్డులో మిగిలిన పాత వలల్ని బాగుచేయించి, రెండు సీజన్లు కొత్తవాటి పక్కనే అవే రాత్రులు వేయించాను. ఏ పొడవు చేప ఏ వలలో ఎన్ని రెట్లు పడుతుందో తేలింది. ఖర్చుకి నిర్వాహకులు గొణిగారు, న్యాయమే. కానీ సరిచేశాక బొమ్మ మారింది. పెర్చ్ పెరుగుదలలో పెద్ద వాటా వలలదే అని తేలిపోయింది, పైక్ తరుగుదల మాత్రం నిజమే అని నిలిచింది. అంటే మా మొదటి కథలో ‘మేత విపరీతంగా పెరిగింది’ అన్న సగం కూలిపోయింది.

రెండో ప్రయత్నం: పిల్లల్ని వదలడం

ఈలోగా నిర్వాహకులకి ఓపిక అయిపోయింది. నా మాట విని మూడేళ్లు పోగొట్టుకున్నాక ఆపే నైతిక హక్కు నాకూ లేదు. వేల సంఖ్యలో పైక్ పిల్లల్ని తెప్పించారు. నేను అడిగింది ఒక్కటే: వదిలేముందు వాటిని రంగు ద్రావణంలో కాసేపు ఉంచండి. తల లోపలి చెవిరాయి మీద ఆ రంగు గుర్తుగా నిలిచిపోతుంది. తర్వాత పట్టినప్పుడు ఇది మనం వదిలిందా, సరస్సులో పుట్టిందా అన్నది అతినీలలోహిత కాంతి కింద చెప్పొచ్చు. గుర్తు లేకుండా పిల్లల్ని వదిలితే ఫలితం ఏదైనా ఎవరికి నచ్చిన కథ వాళ్లు చెప్పుకోవచ్చు.

వదిలిన మూడో రోజు పడవ దిగే చోటు దగ్గర వల వేశాం. పెర్చ్‌లు పడ్డాయి, అన్నీ దాదాపు ఒకే సైజు, అరచేతి పొడవు. ఒకదాని పొట్ట కోసి తెల్ల పళ్లెంలో కడిగితే సగం అరిగిన పిల్లలు వచ్చాయి. చారలు లేవు, ముళ్లు లేవు. మూతులు చప్పగా, బాతు ముక్కుల్లా ఉన్నాయి. అయిదు పొట్టలు కోస్తే నాలుగింటిలో అవే. వేట చేప పిల్లల్ని మేత చేప తింటోంది. శరదృతువులో వెతికితే రంగు గుర్తున్న పైక్‌లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే దొరికాయి.

మరుసటి ఏడు కాస్త పెద్ద పిల్లల్ని, ఒకేచోట కాకుండా నాచు ఉన్న ఒడ్డంతా చెదరగొట్టి వదిలారు. కొంచెం మెరుగు. అయినా చలికాలం దాటినవి కొద్దే, దాటినవి కూడా అదే బక్కతనం.

ఇది వైఫల్యమే, కానీ ఈ కేసులో అన్నిటికన్నా విలువైన సాక్ష్యం ఇచ్చిందీ ఇదే. పైక్‌కి కొదవ గుడ్లూ పిల్లలూ కాదు. పిల్లలు పెద్దవయ్యే దారిలో ఎవరో అడ్డంగా కూర్చున్నారు.

పొడవుల గ్రాఫ్

అప్పుడు చేసిన పని మొదటి రోజే చేయాల్సింది. ఎన్ని చేపలు అన్న గీతని పక్కన పెట్టి, ఏ పొడవువి ఎన్ని అన్న గ్రాఫ్ గీశాను, ఏడాదికొకటి చొప్పున. వాటిని గోడకి వరసగా అంటించి వెనక్కి నడిచి చూశాను.

తొలి ఏళ్లలో పెర్చ్ గ్రాఫ్ చదునుగా సాగి కుడివైపు పెద్ద చేపల దాకా తోక చాచి ఉంది. రానురాను ఆ తోక తెగిపోయింది. చివరి పదేళ్లలో మిగిలింది ఒక్క మూపురం, పదమూడు పదహారు సెంటీమీటర్ల మధ్య. ఎడమవైపు పిల్లలూ తక్కువే, కుడివైపు పెద్దవి లేనే లేవు. ఏటా అదే మూపురం, అదే చోట.

ఇవి కుర్ర చేపలా, ముసలివా? పెర్చ్ వయసు చెప్పడానికి మొప్పల మీది మూత ఎముక వాడతారు. వేడినీళ్లలో వేసి తోలు వలిచి ఆరబెడితే గాజు పెంకులా తేరుతుంది. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే ఏడాదికొక వలయం కనిపిస్తుంది. పదిహేను సెంటీమీటర్ల చేప ఎముక మీద నేను ఏడు వలయాలు లెక్కపెట్టాను. మొదటి రెండు మధ్య ఎడం బాగుంది, తర్వాతవి గ్రామఫోన్ రికార్డు గాళ్లలా ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. అవి ఎదగడం ఆగిపోయిన పెద్ద చేపలు. రెండో మెట్టు మీద, పురుగులు తినే మెట్టు మీద, కిక్కిరిసి ఇరుక్కుపోయాయి. ఒకదాని నోటి దగ్గరిది ఇంకొకటి లాగేసుకుంటోంది. మూడో మెట్టుకు ఎక్కేంత తిండి ఎవరికీ మిగలదు. పైక్ పిల్లల్లాంటి మెత్తటి సన్నటి వేట దొరికితే మాత్రం వదలవు.

ఇప్పుడు బక్క పైక్‌ల చిక్కుముడి విడిపోయింది. పైక్ ఎరని అడ్డంగా పట్టి, తిప్పుకుని, తలవైపు నుంచి మింగుతుంది. ఎంత పెద్దది మింగగలదన్నది నోరు ఎంత తెరుచుకుంటుందన్న దాన్ని బట్టి. చిన్న పైక్‌కి పదిహేను సెంటీమీటర్ల పెర్చ్, అదీ వీపు మీద ముళ్లు లేపి నిలబడ్డది, మింగుడుపడదు. దానికి కావలసింది వేలెడంత పెర్చ్ పిల్లలు, అవేమో మూపురం నోట్లోకి పోతున్నాయి. సరస్సు నిండా మేతే, కానీ పైక్ నోట్లో పట్టే మేత లేదు. ఆ మధ్య సైజు పెర్చ్‌ని సుఖంగా మింగగలిగేది బాగా పెద్ద పైక్ ఒక్కటే.

పెద్ద పైక్‌లు ఏమయ్యాయి? గాలం నిబంధనలో ఉంది జవాబు. ఒక కొలత కంటే చిన్నవి పడితే వదిలేయాలి, దాటితే పట్టుకెళ్లొచ్చు. పిల్లల్ని కాపాడదామన్న సదుద్దేశంతో పెట్టిన నియమమే. దాని వల్ల వేట మొత్తం పెద్దవాటి మీదికి మళ్లింది.

ఇక్కడ విండర్‌మియర్ అడ్డం వచ్చింది. అక్కడ కూడా 1944 నుంచి వలలతో పెద్ద పైక్‌లని తీసేశారు. పైక్ తన జాతి పిల్లల్ని తింటుంది కాబట్టి పెద్దవి పోయాక చిన్న పైక్‌లు పెరిగాయి. ఇక్కడా పెరగాలి కదా, ఎందుకు తగ్గాయి? ఈ ప్రశ్న నన్ను రెండు వారాలు తినేసింది. తేడా కళ్ల ముందే ఉంది: విండర్‌మియర్‌లో పైక్‌ వలలకు మూడేళ్ల ముందే పెర్చ్‌ని బుట్టలతో టన్నులకొద్దీ తీసేస్తున్నారు, మిగిలిన పెర్చ్ బాగా ఎదిగింది కూడా. మా దగ్గర పెద్ద పైక్‌ని తీశారు, పెర్చ్‌ని ముట్టుకోలేదు. ఇది నా అన్వయం. కానీ దీన్ని పరీక్షించొచ్చు.

పనిచేసింది

పైక్‌ని పెంచడానికి పెర్చ్‌ని తీసేద్దాం అని సమావేశంలో అంటే ఒకాయన నవ్వేశారు. ఆకలితో ఉన్నవాడి కంచం లాగేస్తారా అని. నా చేతిలో ఉన్న ఉదాహరణ నార్వేలోని తాక్‌వాట్న్ సరస్సు. అక్కడ బ్రౌన్ ట్రౌట్ అనే వేట చేపని అతిగా పట్టేశాక 1930లో ఆర్కిటిక్ చార్ అనే చేపని తెచ్చి వదిలారు. చార్ కిక్కిరిసి గిడసబారిపోయింది, ట్రౌట్ దాదాపు కనుమరుగైంది. 1984 నుంచి 1989 వరకు ముప్పై ఒక్క టన్నుల చార్‌ని తీసేశారు. మిగిలిన చార్ ఎదిగి మళ్లీ అన్ని సైజుల్లో కనిపించింది, ట్రౌట్‌కి నోట్లో పట్టే పిల్లలు దొరికాయి, ట్రౌట్ తిరిగొచ్చింది. తీసివేత ఆపేశాక కూడా దశాబ్దాల పాటు నిలబడింది. ఒక సరస్సు చార్‌కీ మరో సరస్సు పెర్చ్‌కీ తేడా ఉంది, అది దాచలేదు. అందుకే నేను పట్టుబట్టిన షరతు: సొరకాయ నడుముకు ఇవతల, చిన్న మడుగులోనే తీద్దాం. పెద్ద మడుగుని ముట్టొద్దు.

దీని మీద చాలా వాదన జరిగింది. మంచిదైతే సరస్సంతా చేయాలి, చెడ్డదైతే అసలు చేయొద్దు అన్నది వాళ్ల మాట. నాదొకటే: రెండు చోట్లా ఒకేసారి చేస్తే, తర్వాత పైక్ లేచినా అది మన పనివల్లో ఒక వెచ్చటి వేసవి వల్లో ఎప్పటికీ తెలియదు. పెర్చ్ పిల్లలు బతికి బట్టకట్టడం వేసవి వెచ్చదనాన్ని బట్టి ఏటేటా విపరీతంగా మారుతుంది. ఒక మంచి ఏడు వచ్చిందంటే ఆ ఈడు చేపలే ఏళ్ల తరబడి వలల్లో కనిపిస్తాయి. పక్కన ముట్టుకోని మడుగుంటే రెంటికీ అదే వాతావరణం. నడుము దాటి చేపలు అటూ ఇటూ పోవా అన్నారు. పోతాయి, కొన్నింటికి గుర్తులు కట్టి చూద్దాం అన్నాను. పోయినవి తక్కువే అని తేలింది.

వసంతంలో పెర్చ్ గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చినప్పుడు వైరు బుట్టలు దింపాం. మొదటి ఏడు పట్టుబడి ఘనంగా ఉంది. సంబరపడేలోపు పొట్టలు నొక్కి చూస్తే దాదాపు అన్నీ మగవే. మగ చేపలు గుడ్లు పెట్టే చోట రోజుల తరబడి కాచుకుని ఉంటాయి, ఆడవి వచ్చి గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. అంటే టన్నులు తీసినా వచ్చే ఏటి గుడ్లు అలాగే ఉన్నాయన్నమాట. రెండో ఏడు పద్ధతి మార్చాం. ఒడ్డున నీళ్లలో చెట్టు కొమ్మలు కట్టి ఉంచితే పెర్చ్ వాటికి గుడ్లు చుడుతుంది, తెల్లటి లేసు రిబ్బన్‌లా పొడుగ్గా. వాటిలో కొంత భాగం తీసేశాం, అన్నీ కాదు. వేలెడంత పెర్చ్ పిల్లలే పైక్‌కి కావలసిన మేత కదా, వాటిని పూర్తిగా తుడిచేస్తే మన కాలు మనమే నరుక్కున్నట్టు. వేసవిలో మధ్య సైజుకి సరిపోయే కన్నుల వలలు కూడా వేశాం, వాటికి ఆడవీ పడ్డాయి.

రెండో మార్పు గాలం నిబంధన. మధ్య సైజు పైక్‌ని పట్టుకెళ్లొచ్చు, అంతకు చిన్నవీ పెద్దవీ వదిలేయాలి. దీన్ని మాత్రం సరస్సంతటికీ పెట్టాల్సి వచ్చింది. గాలం వేసేవాళ్లకి సగం సరస్సుకి ఒక నియమం, సగానికి ఒకటి అంటే అమలుకాదు.

రెండేళ్లదాకా కంటికి ఏమీ కనిపించలేదు. మూడో శరదృతువులో చిన్న మడుగు పెర్చ్ గ్రాఫ్‌లో మూపురం చదునయింది. కుడివైపు చిన్న తోక మొలిచింది. కొత్తగా తీసిన మూత ఎముకల్లో అంచు దగ్గరి వలయాలు విడిపోవడం మొదలైంది. లోపల ఒరుసుకుపోయిన గాళ్లు, అంచున వెడల్పాటి ఖాళీ. ఏళ్ల తరబడి ఆగిపోయిన చేప మళ్లీ ఎదుగుతోంది. అది చూసిన రోజే నాకు నమ్మకం కలిగింది, పైక్ లెక్క రాకముందే. ఆ ఏడే ఒడ్డు నాచులో రంగు గుర్తు లేని, అక్కడే పుట్టిన పైక్ పిల్లలు శరదృతువు దాకా బతికి కనిపించాయి. చిన్న పైక్‌ల పుష్టి ముందు లేచింది, సంఖ్య ఆ తర్వాత రెండేళ్లకి. పెద్ద మడుగులో మూపురం అక్కడే ఉంది.

పెద్ద మడుగులో పెద్ద పైక్‌లు మాత్రం కాస్త పెరిగాయి, గాలం నియమం వల్లే కావచ్చు. అవి పెరిగినా పెర్చ్ మూపురం కదల్లేదంటే, ఆ నియమం ఒక్కటే చాలదని నా అభిప్రాయం. ఇంకో పదేళ్లు ఆగితే చాలేదేమో అని వాదించేవాళ్లున్నారు. కొట్టిపారేయలేను.

నేర్చుకున్నవి

మొదటిది ఇప్పటికే అర్థమై ఉంటుంది: మేత ఎంత ఉందన్న ప్రశ్నకి ముందు ఏ నోటికి పట్టే మేత అని అడగాలి. అప్పటినుంచి ఏ సరస్సు లెక్క చేతికొచ్చినా సంఖ్యల గ్రాఫ్ గీయకముందే పొడవులది గీస్తున్నాను. బరువూ పొడవూ ఉంటే పుష్టి చూస్తున్నాను. గంట పని.

పిల్లల్ని వదలడం ఎప్పుడూ తప్పని అనను. సరస్సులో గుడ్లు పెట్టే చోటే లేకపోతే అది పనికొస్తుంది. ఇక్కడ కొరత అది కాదు. పుట్టిన పిల్లలు ఎక్కడ చస్తున్నాయో తెలుసుకోకుండా పుట్టుకలు పెంచడం అడుగు చిల్లుపడ్డ కడవలో నీళ్లు పోయడమే.

మేత చేపని తీసేయడం వినగానే ఎవరైనా ఉత్సాహపడితే హ్యూరన్ సరస్సు గుర్తుచేస్తాను. ఉత్తర అమెరికా మహాసరస్సుల్లోకి సముద్రం వైపు నుంచి చేరిన ఏల్‌వైఫ్ అనే చిన్న చేప మీద ఆధారపడి అక్కడ చినూక్ సాల్మన్ అనే వేట చేప బతికేది. 2003 ప్రాంతంలో హ్యూరన్‌లో ఏల్‌వైఫ్ కుప్పకూలింది, దాని వెనకే సాల్మన్ కూలింది. అదే సమయంలో ఏళ్ల తరబడి సరిగా పిల్లల్ని నిలబెట్టుకోలేని లేక్ ట్రౌట్, వాలై అనే వేట చేపలు కోలుకున్నాయి. ఏల్‌వైఫ్ వాటి లార్వాల్ని తినేది మరి. ఒకే మేత చేప పోవడం ఒక వేట చేపకి చావు, ఇంకోదానికి ఊపిరి. తేడా ఎక్కడుందంటే, ఆ మేత చేప వేట చేప పిల్లల్ని తింటోందా లేదా అన్న దగ్గర. అది పొట్టలు కోస్తేనే తెలుస్తుంది, మోడల్‌లో కాదు.

పొడుగు లెక్కల గురించి ఒక మాట. విండర్‌మియర్‌లో 1976లో ఒక జబ్బు వచ్చి ఎదిగిన పెర్చ్‌లో దాదాపు 98 శాతాన్ని తుడిచేసింది. ఆ తర్వాత అక్కడ పెద్ద వయసు పెర్చ్‌లు అరుదైపోయాయి. 1975లో ఎంత గొప్ప మోడల్ వేసినా అందులో ఆ జబ్బు ఉండేది కాదు. కానీ లెక్క ఆపకుండా రాశారు కాబట్టి అది వచ్చినప్పుడు ఏం మారిందో తెలిసింది. మా సరస్సులో ఇప్పుడు వల మారినా, మనిషి మారినా, పాత వలతో ఒక సీజన్ కలిపి వేయకుండా మార్చకూడదని నియమం రాయించాను. మార్జిన్ రాతల కోసం స్ప్రెడ్‌షీట్‌లో విడిగా ఒక నిలువు వరస పెట్టించాను. పెద్దాయన రిటైరయ్యే ముందు పాత రిజిస్టర్ల పెన్సిల్ రాతలన్నీ ఆయనే కూర్చుని ఎక్కించారు. అందులో మరో రెండు వల మార్పులు బయటపడ్డాయి, నాకు తెలియనివి.

బుట్టలు ఆపేసి ఇప్పటికి కొన్నేళ్లయింది. పోయిన వేసవి బాగా వెచ్చగా సాగింది. చిన్న మడుగులో పెర్చ్ పిల్లలు విరగబడ్డాయని, మళ్లీ బుట్టలు దింపాలా అని నిర్వాహకులు ఫోన్ చేశారు. ఎన్ని ఉన్నాయో చెప్పబోతే ఆపి, నాచు దగ్గరి పైక్‌లవి ఒక ముప్పై పొట్టలూ, పెర్చ్ మూత ఎముకలు ఒక వందా పంపమన్నాను. ఎముకలు నిన్న వచ్చాయి. ఇంకా నీళ్లలో నానుతున్నాయి.